సుంకాల కొట్లాటలో కూలోళ్ల వాటా ఎంత?

ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరుగుతాయని మన పెద్దల సామెత. అమెరికా, చైనాల వ్యాపార యుద్ధాన్ని దేశాల పౌరుషంగా చెప్పేవాళ్లున్నారు. పోరు సరిహద్దులో కనబడినా, దాని వేరు ఇంటి రాజకీయంలోనే ఉంది.

2018 జూలైలో చైనా అమెరికా సోయాపై 25 శాతం సుంకం వేసింది. సోయానే ఎందుకు? 2016లో ట్రంపును గెలిపించిన అయోవా వంటి రాష్ట్రాల పంట అది. దెబ్బ ఓట్ల మీద పడేసరికి వాషింగ్టన్ కదిలింది. 2018లో 1,200 కోట్ల డాలర్లు, 2019లో 1,600 కోట్ల డాలర్ల వరకు సాయం ప్రకటించింది. అది సాగుదార్లకు చేరింది. అక్కడి వ్యవసాయ కూలీకి ఆ లెక్కలో పేరే లేదు.

ఇక మన తనకల్లు ఎర్రనేలల సంగతి చూద్దాం. 2025 మే 30న, సరిగ్గా ఖరీఫ్ విత్తనానికి ముందు, కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించింది. సెస్సులు కలిపితే 27.5 నుంచి 16.5 అయింది. శుద్ధి చేసిన నూనెపై 35.75 శాతం మాత్రం కదల్లేదు. అంటే రిఫైనరీ యజమానికి గోడ ఎత్తుగానే ఉంది, శెనక్కాయ రైతు గోడ కూలింది. 1994లో పామోలిన్‌కు 65 శాతం సుంకంతో తలుపు తీసి, 1998 నాటికి 15కి దించిన పాలకవర్గం దారే ఇది.

'కూలోళ్లూ నూనె కొనేవాళ్లే కదా, ధర తగ్గితే మీకూ మేలే' అంటారు. నిజమే, కొంటాం. కానీ విత్తేది, కలుపు తీసేది, కాయ పెరికేది, ఒలిచేది అంతా మన చేతి పని. రైతు శెనక్కాయ మానుకుంటే ఆ దినాలు పోతాయి, బెంగుళూరు బస్సే గతి అవుతుంది. కూలి లేని ఇంట్లో చౌక నూనె దేనితో కొంటాం?

అందుకే మన కోర్కెలు మూడు. శెనక్కాయ ధర మద్దతు ధర (2025-26కి క్వింటాలుకు 7,263 రూపాయలు) కన్నా పడిపోతే దిగుమతి సుంకం పెంచాలి. కౌలు రైతుతో సహా అందరి కాయనూ ఊళ్లోనే కొనాలి. పేదలకు రేషన్ షాపులో సబ్సిడీ నూనె ఇవ్వాలి.

అమెరికా రైతుకు సాయం దయతో రాలేదు, ఓటు భయంతో వచ్చింది. ఆ భయం మన పాలకులకు పుట్టాలంటే రైతూ కూలీ ఒకే జెండా కింద నిలబడాలి. ఈసారి మండల ఆఫీసులో ఇచ్చే అర్జీలో ఈ మూడూ మొదట రాయండి.