డ్యాన్స్ కావాలి, మనుషులు వద్దా?

మొన్న హాస్టల్లో 1992 నాటి ‘ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్’ సినిమా చూశాం. 1943లో అమెరికాలో మొదలైన ఆడవాళ్ల బేస్‌బాల్ లీగ్ కథ. చదవడం రాని షర్లీకి టీమ్‌మేట్ మే బస్సులో చదువు నేర్పుతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మాకు కళ్లు చెమర్చాయి.

అదే మే ఓ రాత్రి స్వింగ్ డ్యాన్స్ ఇరగదీస్తుంది. ఆ డ్యాన్స్ పుట్టింది న్యూయార్క్ హార్లెమ్‌లో, నల్లజాతి వాళ్ల దగ్గర. ఆ లీగ్ మాత్రం నల్లజాతి అమ్మాయిలను రానివ్వలేదు. సినిమాలో ఒక నల్లజాతి మహిళ, పక్కకొచ్చిన బంతిని బలంగా విసిరి వెళ్లిపోతుంది. అంతే, ఆమెకు దక్కిన చోటు!

మన థింసాకు చప్పట్లు కొట్టి, క్లాసులో మన పక్కన కూర్చోనివాళ్లు గుర్తొచ్చారు. స్నేహమంటే పక్కన చోటివ్వడమే. ముందు మనం ఇద్దాం, హాస్టల్‌కి కొత్తగా వచ్చే చెల్లెళ్లకి, వేరే తెగవాళ్లకి కూడా. ఏమంటారు?