తాతయ్య కబుర్లు: తెరుచుకోని ఉత్తరం

పిల్లలూ, క్రిందటి నెల నేను మేడ్చల్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. నేను చెప్పులు విడిచేసరికే ఇంట్లో చిన్న యుద్ధం జరుగుతూ ఉన్నది.

మా మనుమరాలు ఏడో తరగతి చదువుతున్నది. వాళ్ళ చిన్నాన్న షామీర్‌పేట దాటిన తరువాత తుర్కపల్లిలో, ఒక ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తాడు. ఆ ప్రాంతాన్ని జీనోమ్ వ్యాలీ అంటారు. 1999లో మొదలైన ఆ పేటలోనే భారత్ బయోటెక్ వారు కోవాగ్జిన్ టీకా తయారుచేశారు. "కరోనా వైరస్ అసలు ఎట్లా ఉంటుంది చిన్నాన్నా?" అని పిల్ల అడిగిందట. దానికి ఆయన ఈ-మెయిల్‌లో ఒక ఫైలు పంపాడు. పైన ఒకటే వాక్యం: "నువ్వు అడిగినది పంపుతున్నాను."

"తాతా, ఇది తెరుచుకోదేంది?" అన్నది పిల్ల. ఫైలు పేరు చివర చుక్క పెట్టి "ఫాస్టా" అని ఉన్నది. ఆ తోకను ఆ ఇంట్లో ఎవ్వరూ ఎరుగరు, కంప్యూటరూ ఎరుగదు. దీన్ని దేనితో తెరవాలో నువ్వే చెప్పమని అది ఎదురు అడిగింది.

బొమ్మ వస్తుందని ఆశపడ్డ పిల్ల, ఆ తోక తీసివేసి ఫోటోలకు ఉండే "జేపీజీ" అనే తోక తగిలించింది. ఏమీ లాభం లేకపోయింది. ఉప్పు డబ్బాకు పంచదార అని చీటీ అంటిస్తే ఉప్పు తియ్యబడుతుందా? తోక మారింది గాని లోపలి సరుకు మారలేదు.

మా అల్లుడు మాత్రం, "తెరవనే వద్దు, చెరిపివెయ్యి!" అని పట్టుబట్టాడు. ఆయన భయానికి కారణం ఉన్నది. వాళ్ళ వీధిలో ఒక పెద్దమనిషి ఫోనుకు ఎవరో శుభలేఖ అంటూ ఒక ఫైలు పంపారు. దాని తోక "ఏపీకే". ఆయన ఎవరి పెళ్ళో చూద్దామని నొక్కాడు. అడిగిన అనుమతులన్నీ ఇచ్చాడు. ఏపీకే అంటే కాగితం కాదు, ఫోనులోకి దిగి పనిచేసే మనిషి వంటిది. అది ఆయనకు వచ్చే సందేశాలు చదివి, బ్యాంకు పంపే రహస్య అంకెలు దొంగలకు చేరవేసింది. కూతురి చదువుకు దాచిన డబ్బు సాయంత్రానికి లేదు. ఇటువంటిది జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఆయన సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పెద్దలు కూడా ఇది చదువుతున్నారు గనుక చెబుతున్నాను, సిగ్గుకంటే డబ్బు ముఖ్యం.

ఈ మోసం కొత్తది కాదు. 2000వ సంవత్సరం మే 4న, ఫిలిప్పీన్స్‌లో బయలుదేరిన ఒక ఈ-మెయిల్ ప్రపంచాన్ని చుట్టివచ్చింది. అందులో ప్రేమలేఖ అనే పేరుతో ఒక ఫైలు ఉన్నది. దానికి రెండు తోకలు! ముందున్న తోక "టీఎక్స్‌టీ", అనగా ఉత్త రాత అని అర్థం. అసలు తోక దాని వెనుక ఉన్నది, "వీబీఎస్" అని. తెలిసిన తోకలను కంప్యూటరు సాధారణంగా మరుగుపరుస్తుంది. అందుచేత జనానికి ముందు తోకే కనిపించింది. తెరిచినవారి బొమ్మలు, ఫైళ్ళు పాడైపోయినవి. పైగా వారి చిరునామాల పుస్తకంలో ఉన్న వారందరికీ అదే ఉత్తరం వారి పేరుతోనే వెళ్ళింది. తెలిసినవారి పేరు ఉన్నంత మాత్రాన నమ్మరాదని అప్పుడే తేలింది.

మరి ఏం చెయ్యాలి? మొదట చిన్నాన్నకు ఫోను చేయించాను. "నేనే పంపాను, అది చదివే ఫైలే, పని చేసేది కాదు" అన్నాడు ఆయన. మా అల్లుడి ముఖం కొంచెం తేటపడింది.

అప్పుడు ఫైలును రెండుసార్లు నొక్కకుండా, నోట్‌ప్యాడ్ అనే దానితో తెరిపించాను. నోట్‌ప్యాడ్ చాలా అమాయకమైనది. ఏ ఫైలు ఇచ్చినా అందులోని అక్షరాలు చూపించటమే గాని, అది చెప్పిన పని చెయ్యటం దానికి రాదు. ఫైళ్ళలో చాలావాటికి మొదటి అక్షరాలలోనే కులగోత్రాలు ఉంటవి. పీడీఎఫ్ ఫైలయితే శాతం గుర్తు, దాని ప్రక్కన "పీడీఎఫ్" అని ఉంటుంది. జిప్ మూటలయితే "పీకే" అని ఉంటుంది, ఆ పద్ధతి కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. తమాషా ఏమంటే, ఈ కాలపు వర్డ్ ఉత్తరాలూ, ఆ ఏపీకేలూ కూడా జిప్ మూటలే! రెండిటికీ మొదట "పీకే" అనే ఉంటుంది. కనుక మొదటి అక్షరాలు చూసినా, పంపినవారిని అడగటం తప్పదు.

మన ఫైలు తెరుచుకున్నది. మొదటి వరుసలో ఒక బాణం ములికి, దాని వెంట పేరు. తరువాత అంతా ఇట్లా ఉన్నది: ఏ టీ టీ ఏ ఏ ఏ జీ జీ టీ టీ టీ... వరుసల మీద వరుసలు, నాలుగే అక్షరాలు! ఏ, సీ, జీ, టీ.

"ఇదేనా కరోనా?" అని పిల్ల నిరాశపడింది.

ఇదే మరి! ఆ వైరస్ తన సంతానానికి ఇచ్చే వీలునామా అంతా ఈ నాలుగు అక్షరాలలోనే ఉన్నది. (నిజానికి వైరస్‌లో టీకి బదులు యూ ఉంటుంది, శాస్త్రజ్ఞులు అలవాటుకొద్దీ టీ అని వ్రాస్తారు.) మొత్తం 29,903 అక్షరాలు. మీ అమ్మ ఫోనులో తీసిన ఒక్క ఫోటో దీనికి వందరెట్లు బరువు. 2020 జనవరి 11న, చైనాలో జాంగ్ యోంగ్‌జెన్ బృందం చదివిన ఈ రాతను ఎడ్వర్డ్ హోమ్స్ అనే శాస్త్రజ్ఞుడు అందరి ముందూ పెట్టాడు. అమెరికాలో మోడర్నావారు, అక్కడి ప్రభుత్వ పరిశోధకులు చేతిలో వైరస్ లేకుండానే, ఆ అక్షరాలు చదివి, జనవరి 13 నాటికి తమ టీకా రూపం నిర్ణయించుకున్నారు. మన తుర్కపల్లి టీకా దారి వేరు, అసలు వైరస్‌ను పెంచి, చంపి తయారుచేశారు. దానికి 2021 జనవరి 3న అనుమతి వచ్చింది.

పిల్ల చరచరా చివరికి వెళ్ళింది. "తాతా, ఇక్కడ అన్నీ ఏలే! ఎవరో మీట మీద వేలు పెట్టి నిద్రపోయారు" అన్నది. లెక్కపెడితే 33 వచ్చినవి. అది పొరపాటు కాదు, ఆ వైరస్ తోకే అట్లా ఉంటుంది.

ఇప్పుడు ఆ పిల్ల ఆ అక్షరాలన్నీ నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నది. పేజీకి 300 చొప్పున నూరు పేజీలు అవుతవి. నేను బస్సు ఎక్కేనాటికి రెండో పేజీలో ఉన్నది. మా అల్లుడు ప్రక్కన కూర్చుని తప్పులు చూస్తున్నాడు.