ఆన్‌లైన్ తెలుగు పాఠంలో ఫాంటు ఎంపిక: ఒక పాఠపరిష్కరణ సమస్య

‘ఫాంటు’ అనాలా, ‘ఖతి’ అనాలా అన్న విషయంపై తెలుగు శాఖల్లో జరిగే వాదనలో పదోవంతు కూడా, ఆన్‌లైన్ కోర్సులో ఏ ఫాంటు వాడాలన్న విషయంపై జరగదు. పాఠం రాయడం అధ్యాపకుని పని, దానిని తెర మీదికి ఎక్కించడం సాంకేతిక సిబ్బంది పని అన్న విభజన ప్రశ్నకు తావులేకుండా స్థిరపడిపోయింది. ఈ విభజన తప్పు. ఫాంటు పాఠానికి చేసే ముస్తాబు కాదు. చదువరి కంటికి ఏ పాఠం అందుతుందో నిర్ణయించే అంశాల్లో అదొకటి. తాళపత్రంలోని లేఖకదోషాన్నీ, పుస్తకంలోని అచ్చుతప్పునూ పాఠపరిష్కర్తల పరిధిలోకి తెచ్చుకొన్న శాఖలే తెర మీది దోషాన్ని కంప్యూటర్ విభాగానికి వదిలివేయడం వింత. వావిళ్ల వారి ముద్రణలకు దక్కిన గౌరవంలో అక్షరశుద్ధి వాటా ఎంతో ఈ శాఖలకు తెలియనిది కాదు.

ఛందస్సు పాఠాన్నే తీసుకోవచ్చు. కోర్సుల మూసలు చాలావరకు ఆంగ్లాన్ని దృష్టిలో పెట్టుకొని తయారవుతాయి. పంక్తుల మధ్య ఎడం, ప్రశ్నల గడుల ఎత్తు అన్నీ రోమన్ లిపి కొలతలే. తెలుగు అక్షరం పైకి గుడితోనూ ఏత్వంతోనూ పెరుగుతుంది. కిందికి వత్తులతో దిగుతుంది. ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ వంటి మాటల్లో ఒకే అక్షరానికి రెండేసి వత్తులు. ఎత్తు చాలని గడిలో ఈ అడుగుభాగమే ముందుగా తెగుతుంది. వత్తు తెగితే ‘కల్ల’ ‘కల’ అవుతుంది, ‘పుట్ట’ ‘పుట’ అవుతుంది. అర్థం మారడంతో ఇది ఆగదు. ‘కల్ల’లో మొదటి అక్షరం గురువు, ‘కల’లో లఘువు. గణవిభజన నేర్పవలసిన పాఠమే తప్పుడు గణాన్ని చూపితే, ఆ తప్పును నమ్మి జవాబు గుర్తించిన విద్యార్థికి మార్కు పోతుంది. మూస తయారుచేసినవారికి పోయేదేమీ లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021 నిబంధనలు ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ వేదికపై చదువుకొనే వీలు కల్పించాయి. ఆన్‌లైన్ పాఠం ఇక అనుబంధ సామగ్రి కాదు.

వత్తు తెగకపోయినా చిక్కు తీరదు. ‘దార’కూ ‘ధార’కూ, ‘పలము’కూ ‘ఫలము’కూ భేదం ఒక చిన్న గీత. శీర్షికల కోసం రూపొందిన రామభద్ర వంటి మందపాటి ఫాంటును పాఠమంతటా పరిచి, సెల్‌ఫోన్ తెరకు కుదించినప్పుడు ఆ గీత అక్షరంలో కలిసిపోతుంది. గురజాడ, గిడుగు, పెద్దన, ధూర్జటి అన్న పేర్లతో ఫాంట్లు ఉండడం సంతోషమే. కానీ ప్రబంధ పాఠానికి పెద్దన పేరున్న ఫాంటే తగునని ఎంచుకోవడం భక్తి అవుతుంది కాని వివేచన కాదు.

‘యూనికోడ్ అయితే చాలు, ఏదైనా ఒకటే’ అన్నది తరచు ఎదురయ్యే సమాధానం. యూనికోడ్ అక్షరానికి సంకేతాన్ని ఇస్తుంది, రూపాన్ని ఇవ్వదు. దంత్య చ, జలకు (ౘ, ౙ) సంకేతాలు 2008లో, యూనికోడ్ 5.1తో వచ్చాయి. అవి లేని ఫాంటుతో ధ్వనిశాస్త్ర పాఠం తయారైతే అసలు చెప్పదలచిన అక్షరం స్థానంలో ఖాళీ గడి కనబడుతుంది. అరసున్న, బండి ఱ అవసరమైన ప్రాచీన కావ్యపాఠాలకూ ఈ పరిశీలన తప్పదు.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. పాఠాన్ని డీటీపీ ఫాంట్లలో కూర్చి బొమ్మగా పెడితే ఏ వత్తూ చెదరదు కదా అంటారు. నిజమే, చెదరదు. అయితే ఆ బొమ్మలో విద్యార్థి ఒక పదాన్ని వెదకలేడు, ఒక పద్యాన్ని తన వ్యాసంలోకి తెచ్చుకోలేడు. అంధవిద్యార్థికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మ దగ్గర మూగబోతుంది. చూపున్నవారికి వత్తు దక్కించడం కోసం చూపులేనివారికి పాఠాన్నే లేకుండా చేయడం సమర్థనీయం కాదు. (ఉదాహరణ పదాలను ఏటవాలుగా చూపే ఆంగ్లపు అలవాటు కూడా ఈ మూసలతో వచ్చినదే. తెలుగు ముద్రణలో దానికి సంప్రదాయం లేదు. ఏటవాలు రూపం లేని ఫాంటును బ్రౌజరు యాంత్రికంగా వంచుతుంది, అంతే.)

పాఠభాగానికి నోటో సెరిఫ్ తెలుగు, మండలి వంటి స్వేచ్ఛగా లభించే ఫాంట్లు అందుబాటులో ఉన్నాయి. ఎంచుకొన్న ఫాంటును పాఠంతోపాటే పంపాలి. లేకపోతే విద్యార్థి పరికరం తనకు తోచిన దానిని వాడుకొంటుంది. పంక్తుల ఎడం తెలుగును చూసి నిర్ణయించాలి. ‘స్త్రీ’, ‘వాఙ్మయం’, ‘జ్యోత్స్న’, ‘దార’, ‘ధార’ వంటి మాటలతో ఒక పరీక్షపత్రం కూర్చి, తక్కువ ధర సెల్‌ఫోన్‌లో తెరచి చూసి, ఆపైనే కోర్సును విడుదల చేయాలి. ఆ పరీక్షపత్రం మీద సంతకం తెలుగు అధ్యాపకునిదై ఉండాలి.