వంట లేని వనభోజనమా?

గత ఆగస్టులో బస్సీ వుడ్స్‌లో మా తెలుగు కుటుంబాల పిక్నిక్ జరిగింది. నలభై కుటుంబాల దాకా వచ్చాం. వాట్సాప్ గ్రూపులో దానికి ‘వనభోజనాలు’ అని పేరు పెట్టారు. పదకొండున్నరకి కేటరింగ్ వ్యాన్ వచ్చింది. అల్యూమినియం ట్రేలలో బిర్యానీ, పన్నీర్ కూర, పెరుగన్నం దిగాయి. పన్నెండింటికి లైను, ఒంటిగంటకి తంబోలా, మూడింటికి చెత్త సంచులు మూటకట్టడం. పిల్లలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫోన్లు వదల్లేదు.

ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అమ్మ చెట్టు కింద కుర్చీలో కూర్చుని అంతా చూసింది. పాలకొల్లు దగ్గరి పల్లెటూరు మాది. కాసేపాగి అడిగింది: "ఒరేయ్, వనభోజనాలన్నారు. పొయ్యి ఏదిరా?"

నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న అంత తేలిగ్గా వదల్లేదు.

కార్తీకమాసంలో ఊరంతా తోటకి వెళ్లేది వండిన క్యారియర్లు విప్పడానికి కాదు కదా. గాడిపొయ్యి తవ్వేవాళ్లు ఒకరు, పుల్లలు ఏరేవాళ్లు ఒకరు, కూరలు తరిగేవాళ్లు నలుగురు. అన్నం ఉడికేదాకా ఆటలు. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసేసరికి అందరి చెయ్యీ ఆ వంటలో పడి ఉండేది. షికాగో ప్రాంతంలో కార్తీకమాసం అంటే నవంబరు చలి. అందుకే మనం వనభోజనాలను ఎండాకాలానికి జరుపుకున్నాం. అది సరైన పనే. తిథి జరిపినా ఫర్వాలేదు. వంటని కూడా జరిపేశామే, అదీ నా బాధ.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. మా పక్కనే ఒక అమెరికన్ కుటుంబం గ్రిల్‌లో బొగ్గులు రాజేసి, మూడు కాళ్ల నల్లటి ఇనుప పాత్ర పెట్టుకుంది. దాని మూత మీద కూడా నిప్పులే. అమ్మ లేచి అటు నడిచింది. దగ్గరికెళ్లి చూసి, నన్ను చేత్తో పిలిచింది. "ఇది మన రొట్టె మూకుడే కదరా!"

నిజమే. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె చేసేది ఇలాగే. దళసరి మూకుట్లో నూనె వేసి, మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపిన పిండిని రెండు అంగుళాల మందాన పోసి, మూతపెట్టి, కింద నిప్పు, పైన నిప్పు. ఓవెన్ అన్న మాట వినకముందే మన అమ్మమ్మలు ఓవెన్‌లో వండారు.

ఆ పాత్రను ఇక్కడ డచ్ ఓవెన్ అంటారు. ఇసుక అచ్చుల్లో ఇనుప కుండలు పోతపోసే పద్ధతికి ఇంగ్లండ్‌లో అబ్రహాం డార్బీ 1707లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ కుండలే కాళ్లు, అంచున్న మూత తగిలించుకుని అమెరికా వలస బండ్లలో పడమటి దాకా వెళ్లాయి. ఇప్పటికీ ఈ దేశంలో వాటిని పోసే లాడ్జ్ కంపెనీ టెనెసీలోని సౌత్ పిట్స్‌బర్గ్‌లో 1896లో మొదలైంది. యూటా రాష్ట్రమైతే 1997లో దీన్ని తమ అధికారిక వంటపాత్రగా చట్టంలోనే రాసుకుంది.

పక్కవాళ్ల పాత్రలో ఉన్నది పీచ్ కాబ్లర్. మిషిగన్ పీచ్ పండ్ల ముక్కల మీద మైదా, పాలు, చక్కెర కలిపిన పిండి పోసి కాల్చింది. అమ్మ నా చెవిలో అడిగింది, గుడ్డు వేశారా అని. వెయ్యలేదన్నారు. ఈ దేశంలో కేక్ ముక్క ముందుకు వస్తే చెయ్యి వెనక్కి తీసుకునే మా అమ్మ ఆ రోజు రెండు గరిటెలు వేయించుకుంది.

ఆ మరుసటి వారమే పన్నెండు అంగుళాల పాత్ర ఒకటి కొన్నాను. పదమూడేళ్ల మా అబ్బాయికీ నానమ్మకీ మధ్య అప్పటిదాకా "తిన్నావా?", "తిన్నా" తప్ప పెద్దగా మాటల్లేవు. వాడి తెలుగు ఆమెకి సరిపోదు, ఆమె ఇంగ్లిష్ వాడికి సరిపోదు. పాత్ర వచ్చాక పెరట్లో ఇద్దరికీ పని దొరికింది. వాడు ఇంటర్నెట్‌లో లెక్క చూశాడు: పాత్ర ఎన్ని అంగుళాలో దానికి రెట్టింపు బొగ్గు బిళ్లలు, అంటే ఇరవై నాలుగు. మూత మీద పదిహేను, అడుగున తొమ్మిది. వేడి సుమారు 350 డిగ్రీల ఫారన్‌హీట్ వస్తుంది. నానమ్మ లెక్క వేరు. మూత మీద నీళ్లు చిలకరించి, ఆ చప్పుడు విని చెబుతుంది.

మొదటి రొట్టె మాడింది. అడుగున నిప్పు ఎక్కువైంది. రెండోది లోపల పచ్చిగా ఉంది. మూడోది అంచు ఎర్రగా, కరకరలాడుతూ, మధ్యలో దూదిలా వచ్చింది. చెరుకు పానకం దొరక్క బెల్లం పాకంతో తిన్నాం. ఆ మూడు వారాల్లో మా వాడు నేర్చుకున్న తెలుగు మాటలు ఏ క్లాసులో నేర్పుతారు? మూకుడు, పట్టకారు, నివురు, సెగ, అడుగంటడం, ఉమ్మగిల్లడం. ‘నివురుగప్పిన నిప్పు’ అంటే ఏమిటో వాడికి వివరించనక్కర్లేకపోయింది. బొగ్గుల మీద బూడిద ఊది చూపిస్తే చాలింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన పిల్లలకి భాష కోసం ఆదివారం బడి, నృత్యానికి గురువు, సంస్కృతికి వార్షికోత్సవం ఏర్పాటు చేశాం. వంటని మాత్రం కేటరింగ్‌కి వదిలేశాం. పద్దెనిమిదేళ్లకి పిల్లలు కాలేజీకి వెళ్లేటప్పుడు వాళ్ల వెంట వెళ్లగలిగేది ఏది? స్టేజి మీద చెప్పిన పద్యం కంటే, చేత్తో వండిన పప్పే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆకలి రోజూ గుర్తు చేస్తుంది గనక.

షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్లు ఒకసారి స్ప్రింగ్ వ్యాలీలోని వోల్కెనింగ్ హెరిటేజ్ ఫార్మ్‌కి వెళ్లిరండి. ఈ ఊరికి పేరు పెట్టింది జర్మన్ రైతులు. 1880ల నాటి వాళ్ల ఇల్లు, పశువులు, పనిముట్లు అక్కడ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్లు ఎంతో శ్రద్ధగా నడుపుతున్నారు. కానీ అక్కడ నిలబడితే నాకు ఒక ఆలోచన వస్తుంది. ఆ కుటుంబాల మునిమనవళ్లు తమ తాతమ్మల వంట ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇక్కడికే రావాలేమో. మన మూకుడు కూడా ఒకనాడు అద్దాల పెట్టెలో, కింద చిన్న చీటీతో ఉండాలా?

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది టైం. వారంలో అయిదు రోజులు ఇన్‌స్టంట్ పాట్‌లోనే వండుకోండి, నేనూ అదే చేస్తాను. నెలకి ఒక్క శనివారం చాలు. రెండోది బరువు. అయిదు క్వార్టుల పాత్ర మూతతో కలిపి అయిదారు కిలోలు ఉంటుంది. పెద్దవాళ్లు ఎత్తకూడదు. ఎత్తడానికి మనమూ పిల్లలూ ఉన్నాం, వాళ్లు కూర్చుని చెబితే చాలు. ఇంట్లో గాజు పలక స్టవ్ ఉంటే పాత్రని దాని మీద ఈడ్చకండి, గీతలు పడతాయి. పెరడు లేని అపార్ట్‌మెంట్ వాళ్లు కాళ్లు లేని పాత్ర కొని ఓవెన్‌లో పెట్టుకోవచ్చు.

మూడోది తుప్పు భయం. అమ్మ కొత్త పెనానికి గంజి పోసి నానబెట్టి, నూనె రాసి, ఉల్లిచెక్కతో రుద్దేది. ఇక్కడివాళ్లు సీజనింగ్ అనేదీ ఇలాంటిదే: పలచగా నూనె రాసి బాగా వేడి చేస్తే అది గట్టి పొరగా అతుక్కుంటుంది. కడిగాక స్టవ్ మీద తడి ఆరబెట్టి, నూనె చెయ్యి తగిలిస్తే చాలు. తుప్పు పట్టినా పారేయనక్కర్లేదు, తోమి మళ్లీ నూనె పట్టించవచ్చు. చింతపండు పులుసు, టమాటా పప్పు మాత్రం అందులో గంటలకొద్దీ ఉంచకండి. పులుపు ఆ పొరను తినేస్తుంది, కూరకి ఇనుప రుచి వస్తుంది. ఎనామెల్ పూసిన పాత్రకి ఈ బెడద లేదు.

ఆ ఇనుము కొంత ఒంటికి మంచిదే. యాపిల్ సాస్, టమాటా సాస్ లాంటి పులుపున్నవి ఇనుప పాత్రలో వండితే వాటిలో ఇనుము ఎన్నో రెట్లు పెరిగిందని 1986లోనే అమెరికాలో పరిశోధన వచ్చింది. అలాగని ఇది మందు కాదు. రక్తహీనత ఉన్నవాళ్లు డాక్టర్ మాటే వినాలి. ఒంట్లో ఇనుము ఎక్కువగా చేరే జబ్బు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

ఇక నా ప్రతిపాదన. ఈ ఎండాకాలం పిక్నిక్‌కి మన సంఘాలు కేటరింగ్ మొత్తం మానేయనక్కర్లేదు. మూడే మూడు ఇనుప పాత్రలు పెట్టండి. ఒకదానిలో కిచిడీ, ఒకదానిలో దిబ్బరొట్టె, ఒకదానిలో పండ్ల కాబ్లర్. తెలంగాణ కుటుంబాలు ఉంటే సర్వపిండి ఉండనే ఉంది, అదీ మూతపెట్టి కాల్చేదే. ఒక్కో పాత్ర దగ్గర ఒక పెద్దావిడో పెద్దాయనో, నలుగురు పిల్లలు. పెద్ద గుంపులకి ఫారెస్ట్ ప్రిజర్వ్ పర్మిట్ ముందే తీసుకోండి. నిప్పుల నిబంధనలు చదవండి, బొగ్గులు గ్రిల్‌లోనే రాజేయండి, ఆరిన బూడిదని చెప్పిన చోటే వెయ్యండి.

కాబ్లర్ కష్టమేమీ కాదు. అర కప్పు వెన్న పాత్రలో కరిగించి, కప్పు మైదా, కప్పు పాలు, ముప్పావు కప్పు చక్కెర, రెండు చెంచాల బేకింగ్ పౌడర్ కలిపిన పిండి పోయండి. దాని మీద నాలుగు కప్పుల పండ్ల ముక్కలు పరచండి, కలపొద్దు. నలభై, నలభై అయిదు నిమిషాల్లో పిండి పండ్లని కప్పుకుంటూ పొంగి ఎర్రబడుతుంది. ఆగస్టులో పీచ్, బ్లూబెర్రీ. సెప్టెంబరు, అక్టోబరుల్లో యాపిల్, చక్కెర బదులు ముక్కల మీద కాస్త బెల్లం తురుము. మా అమ్మ అయితే అన్నిటిలోనూ యాలకుల పొడి వేస్తుంది. పీచ్‌కి యాలకులు ఇంత బాగా కుదురుతాయని పక్కింటివాళ్లు ఇప్పుడు మమ్మల్ని అడిగి వేసుకుంటున్నారు.

అమ్మ అక్టోబరులో వెళ్లిపోయింది. పెట్టెలో ఆ ఇనుప పాత్ర పెట్టమంటుందేమోనని భయపడ్డాను, లేదు, మా అబ్బాయికి అప్పజెప్పింది. మొన్న ఆదివారం వాడు ఒక్కడే పెరట్లో మంచు పక్కకి తోసి, బొగ్గులు రాజేసి రొట్టె పోశాడు. వీడియో కాల్‌లో పాలకొల్లు నుంచి చూస్తూ అమ్మ వాడితో అంది: "మూత మీద రెండు నిప్పులు తీసెయ్ నాన్నా, అంచు మాడుతోంది."

వాడు నన్ను అర్థం అడగలేదు. పట్టకారు అందుకుని రెండు తీసేశాడు.