హార్బూ పేరు రాయండి

'మెట్రోపొలిస్' మూకీ సినిమా 1927లో బెర్లిన్‌లో విడుదలైంది. ఈనాటికీ దాని ప్రభావం గురించి ఎవరు రాసినా ఫ్రిట్జ్ లాంగ్ దగ్గర మొదలుపెట్టి ఫ్రిట్జ్ లాంగ్ దగ్గరే ఆగిపోతారు. ఆ ఆకాశహర్మ్యాలూ, భూగర్భంలో యంత్రాలకి కట్టుబడ్డ కార్మికులూ ఆయనొక్కడి బుర్రలోంచే ఊడిపడ్డట్టు! ఆ కథని నవలగా, స్క్రీన్‌ప్లేగా రాసింది థియా ఫాన్ హార్బూ. 1922లో లాంగ్‌ని పెళ్లాడేనాటికే పేరున్న రచయిత్రి. ఇప్పుడామె బ్రాకెట్లో భార్య.

ఒక సెమినార్‌లో ఈ మాటంటే, "నాజీ పార్టీలో చేరిన మనిషి మీద మీకెందుకింత ప్రేమ?" అన్నారొక పెద్దాయన. ప్రేమ కాదు. ఆమెతో నాకు తగాదా ఉంది. పేరే చెరిపేస్తే ఎవరితో తగాదా పడను?

ఆ కథ చూడండి. మంచి మరియా కార్మికుల్ని ఓపిక పట్టమంటుంది. ఆమె ముఖం తగిలించుకున్న యంత్ర మరియా మగవాళ్ల ముందు నాట్యమాడుతుంది, జనాన్ని రెచ్చగొడుతుంది, చివరికి ఆ జనం చేతుల్లోనే తగలబడుతుంది. సాధ్వి, మాయలాడి అన్న ఈ పాత పంపకం చేసింది ఒక స్త్రీ కలం. పితృస్వామ్యం మన చేత్తోనే ఎలా రాయిస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనపడలేదు.

అయితే అదే కలం ఇంకోటి కూడా రాసింది. శాస్త్రవేత్త రోట్వాంగ్ ఆ లోహపు స్త్రీని తయారుచేసింది తనకి దక్కకుండా పోయి, కాన్పులో చనిపోయిన హెల్ కోసం. ఆడమనిషి లేకపోతే ఆమెలాంటి బొమ్మని చేసుకుంటానన్న మగ పంతం అది. హెల్ పేరు ఇంగ్లీషులో నరకంలా వినిపిస్తుందని అమెరికాలో ఆ ముక్క కత్తిరించారు. 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో దొరికిన కాపీ వల్ల 2010లో గానీ హెల్ విగ్రహం ముందరి సన్నివేశం తెరమీదికి రాలేదు.

ఈలోగా కారణం పోయి ఆకారం మిగిలింది. 1977లో 'స్టార్ వార్స్' ఆ ఒంటి తీరునే తీసుకుని మర్యాదస్తుడైన మగ సేవకుణ్ణి చేసింది. 2007 నుంచి నల్లజాతి గాయని జనెల్ మొనే తన పాటల్లో మనిషిని ప్రేమించినందుకు వేటాడబడే ఆండ్రాయిడ్ అయి, తన గోడు తనే చెప్పుకుంది. ప్రభావం అంటే నేను ముందు దీన్ని లెక్కపెడతాను.

ఇకమీద ఈ సినిమా గురించి రాసే మిత్రులు లాంగ్ పక్కన హార్బూ పేరూ రాయండి. నాజీ సంగతి కూడా దాచకండి.