నోటుకు మతం లేదు

2025 మే 27న కడప మహానాడులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పెద్ద నోట్లన్నిటినీ రద్దు చేసి, చెల్లింపులను డిజిటల్ బాట పట్టించాలని కోరారు. అవినీతి అంతం కావాలన్న ఆకాంక్షలో మాకు రెండో మాట లేదు. ఓటుకు నోటు పంచడం లంచమే. లంచం ఇస్లాంలో నిషిద్ధం. అయితే నోటును చంపితే లంచం చస్తుందా?

2016 నవంబరు 8 రాత్రి రద్దు చేసిన నోట్లలో 99.3 శాతం తిరిగి వచ్చాయని 2018లో రిజర్వు బ్యాంకే వెల్లడించింది. నల్లధనం పట్టుబడలేదు; బ్యాంకుల ముందు బారులు తీరిన రోజుకూలీ మాత్రం పని పోగొట్టుకున్నాడు. గణపవరం మొదలు కొల్లేటి లంకల వరకు చేపల చెరువుల మీద కూలికి వెళ్లేవారికి, బండి మీద పండ్లమ్మేవారికి, పంక్చర్లు వేసేవారికి సాయంత్రం చేతికందే నగదే రాత్రి పొయ్యి వెలిగిస్తుంది. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. కనుకనే వృద్ధుల పింఛను 4,000 రూపాయలను ఇంటి గుమ్మం వద్ద నోట్లుగానే అందిస్తోంది.

పేదలందరి కష్టమిది. దానికి తోడు ముస్లిములకు మరొక ప్రమాదం ఉంది. నోటు తీసుకున్నవాని పేరు అడగదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే పేరు తెరపై కనబడుతుంది. ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని దుకాణదారులు తమ పేర్లు ప్రదర్శించాలన్న ఆదేశాన్ని 2024 జూలై 22న సుప్రీంకోర్టు నిలిపివేసింది. మరుసటి ఏడాది అదే దారిలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యజమాని మతం కనిపెట్టే ప్రయత్నాలు జరిగాయి. బోర్డు మీద వద్దన్న పేరును ఫోను చెప్పేసింది. గోదావరి జిల్లాల్లో ఇరుగుపొరుగు సఖ్యత ఇంకా చెక్కుచెదరలేదు. అయినా బహిష్కరణ పిలుపులు వినబడే కాలంలో, చిన్న వ్యాపారికి నోటు ఒక కవచమని మరువరాదు.

ఇంకొక అన్యాయమూ ఉంది. నగదు పోతే ప్రతి పైసా బ్యాంకు గుండానే నడవాలి. వడ్డీని హరాంగా భావించే విశ్వాసి కోసం వడ్డీ రహిత విభాగం తెరవాలన్న ప్రతిపాదనను రిజర్వు బ్యాంకు 2017లో పక్కన పెట్టింది. తలుపు ఒక్కటే ఉంచి, అందులోనుంచే రమ్మనడం ఏమి న్యాయం? జకాత్, సదఖా పుచ్చుకునేవారి మర్యాద కాపాడేందుకు గుట్టుగా ఇవ్వడం మన సంప్రదాయం. ఆ గుట్టు కూడా ఖాతా పద్దుల్లోకెక్కుతుంది.

మేము ఫోను చెల్లింపులకు వ్యతిరేకులం కాము. మన పిల్లలు వాటిని హాయిగా వాడుతున్నారు, వాడాలి కూడా. ఎంచుకొనే హక్కు మిగలాలన్నదే మా వాదన. నగదు వాడకం బాగా తగ్గిపోయిన స్వీడన్ సైతం, పెద్ద బ్యాంకులు నగదు సేవలు కొనసాగించాలని 2020 నుంచి చట్టబద్ధం చేసింది. మనకూ అటువంటి చట్టం కావాలి. చెల్లింపు తెరపై దుకాణం పేరు చాలు, యజమాని పేరు అక్కరలేదు. వడ్డీ రహిత విభాగం ప్రతిపాదనను తిరిగి చేపట్టాలి.

ఈ మూడు కోరికలను మీ మస్జిదు కమిటీలు, వర్తక సంఘాలు వినతిపత్రాలుగా రాసి శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు అందించాలని కోరుతున్నాము. నిర్ణయం జరిగిపోయాక వరుసలో నిలబడటం కన్నా, ముందుగా నోరు విప్పడం మేలు.