నూతిగోడ కావల

1854వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీ రాత్రి లండను నగరమునందలి సోహో పేటలో కలరా ఒక్కుమ్మడిగా చెలరేగెను. పది దినములలో ఐదువందలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ పేటలోని బ్రాడ్ వీధిలో ఒక చేతిపంపు కలదు. దాని నీరు తేటయైనదనియు, రుచిగలదనియు పేరు. జాన్ స్నో అను వైద్యుడు మృతుల పట్టిక తీసికొని ఇండ్లవెంట తిరిగెను. మొదట చూచిన 83 మరణములలో పది తప్ప తక్కినవన్నియు ఆ పంపునకు చేరువనున్న ఇండ్లలోనివే. సెప్టెంబరు 8వ తేదీన పంపు పిడిని ఊడదీసిరి.

ఇంతవరకు పలువురెరిగిన కథయే. తరువాత జరిగిన పరీక్షల సంగతి అంతకంటె ముఖ్యమైనది. దానిని చెప్పువారు అరుదు.

నూతిని తెరచి లోపల చూచిరి. ఇటుకగోడలో రంధ్రము గాని, పగులు గాని కానరాలేదు. చూచినవారు అబద్ధమాడలేదు, చూడవలసిన తావునే చూడలేదు. ఆ నూయి 28 అడుగులకు పైగా లోతుగలదై, కంకరపొరను దాటి బంకమట్టివరకు దిగియుండెను. నేల నీటిని వడగట్టునని జనుల నమ్మకము. సన్నని ఇసుక విషయమున అది కొంతవరకు చెల్లును. కంకరలో రాళ్ళ నడుమ సందులు పెద్దవి. మురుగు వానిగుండ శుద్ధి పొందకయే సాగిపోవును. అట్టి నేలలో నూతిగోడకు పగులు లేదని తృప్తిపడుట, వానకు కారు ఇంటిలో తలుపు గడియను పరీక్షించుట వంటిది.

హెన్రీ వైట్‌హెడ్ అను యువ మతాచార్యుడు స్నో మాటను ఖండింపదలచియే విచారణకు పూనుకొనెను. విచారించిన కొలదిని ఆయన అభిప్రాయమే మారెను. 1855లో మరణముల పుస్తకమును తిరుగవేయుచుండగా, పంపు ప్రక్కనున్న 40వ నంబరు ఇంట ఐదు నెలల పసిబిడ్డ విరేచనములతో చనిపోయినట్లు కనబడెను. ఆ బిడ్డకు జబ్బుచేసినది వీధిలో కలరా చెలరేగుటకు ముందే! గుడ్డలు నానవేసిన నీటిని ఇంటి ముందటి మురుగుగోతిలో పోసినట్లు తల్లి చెప్పెను.

అప్పుడు నేలను త్రవ్వించిరి. గోతి ఇటుకలు చివికిపోయి, బలము ప్రయోగింపకయే ఊడివచ్చెను. గోతికిని నూతికిని నడుమ మూడడుగుల దూరమైనను లేదు. నడిమి మన్ను మురుగుతో నానియుండెను. ఆ బిడ్డ తండ్రి పిడి తీసిన నాడే జబ్బుపడి, పదునొకండు దినములకు మరణించెను. ఆ ఇంటి మురుగునకు అప్పుడును ఆ గోతిదారియే. పిడి తీయకుండినచో ఏమగునో వైట్‌హెడ్ గ్రహించెను.

నేడు మన పట్టణములలో పెక్కింట కుళాయినీరు కొన్ని గంటలు మాత్రమే వచ్చును. నీరాగినపుడు గొట్టములో ఒత్తిడి తగ్గును; అతుకు వదులైయున్నచో చుట్టునున్న మురుగు లోనికి చొరబడును. ఫిర్యాదు వచ్చినపుడు కుళాయి త్రిప్పి, గాజుగ్లాసులో నీరుపట్టి, తేటగానున్నదని వ్రాసికొని పోవుట పరీక్ష కానేరదు. నీటిని ప్రయోగశాలకు పంపవలెను. గొట్టము మురుగుకాలువను దాటు చోట నేల త్రవ్వి, అతుకులు చూడవలెను. త్రవ్వినచో రోడ్డు పాడగుననియు, వ్యయమగుననియు అధికారులందురు. 1854లో నూతిలోనికి తొంగిచూచుటకు ఏమియు వ్యయము కాలేదు.